ఎడమ చేతికి పని

కర్నూల్లో జాజ్ కచేరీ జరిగిందని నేనెప్పుడూ వినలేదు. కడపలో జరిగిందన్నా ఒక పట్టాన నమ్మను. చెక్కభజన, పండరి భజన, హరికథ, తెల్లవార్లూ సాగే పద్యనాటకం, ఊరేగింపులో బ్యాండుమేళం, వినాయకచవితికి ఆర్కెస్ట్రా. మా చెవులు పెరిగింది వీటి మీద. ఇలాంటిచోట హార్మోనియం ముందేసుకుని 'ఆటమ్ లీవ్స్' అనే పాట మీద మనోధర్మం చూపాలనుకోవడం చుట్టుపక్కలవాళ్ళకు వింతే. "సినిమా పాటలు రావా నీకు?" అని జాలిపడ్డవాళ్ళూ ఉన్నారు.

పాట పుట్టింది ఫ్రాన్సులో. హంగరీ నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ జోసెఫ్ కోస్మా 1945లో బాణీ కట్టాడు. మాటలు జాక్ ప్రెవేర్ అనే కవివి. ఆ తర్వాత జానీ మెర్సర్ ఇంగ్లీషులో రాశాడు. జాజ్ వాళ్ళ చేతిలో పడ్డాక దానికి మాటలతో పనే లేకుండా పోయింది. 1958లో కానన్‌బాల్ అడర్లీ, మైల్స్ డేవిస్ కలిసి 'సమ్‌థింగ్ ఎల్స్' రికార్డులో వాయించినది వింటే ఎందుకో తెలుస్తుంది. అది జి మైనర్‌లో ఉంటుంది. మన హార్మోనియం లెక్కలో ఐదు శ్రుతి. రాలే ఆకుల మీద దిగులు పాట. వాళ్ళకు ఆకు రాలేది చలి ముందు, మా నల్లమలలో రాలేది ఎండల ముందు. ఆ తేడా నాకెప్పుడూ అడ్డం రాలేదు.

జాజ్‌లో స్టాండర్డ్ అంటే వాయించేవాళ్ళందరికీ కంఠస్థంగా ఉండే పాట. మొదట దాన్ని ఒకసారి ఉన్నదున్నట్టు వాయిస్తారు. తర్వాత బాణీని పక్కనపెట్టి, దాని అడుగున ఉన్న కార్డుల, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుల, వరసను మాత్రం తిప్పుతూ, దాని మీద ఎవరికి తోచింది వాళ్ళు కల్పిస్తారు. ఈ పాటలో ఒక చుట్టు 32 బార్లు. బారుకు నాలుగు దెబ్బలు కాబట్టి మన ఆదితాళంలో పదహారు ఆవర్తనాలు. నెరవల్, కల్పనస్వరం విన్న చెవికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కొత్తది ఇంకొకటుంది. మన సంగీతంలో శ్రుతి ఒకసారి పెట్టాక మంగళం పాడేదాకా కడప బండ పరిచినట్టు కదలకుండా ఉంటుంది. రాగం దాని మీద నిశ్చింతగా నడుస్తుంది. జాజ్‌లో ఇలాంటి పాటకు ఆ నేల దాదాపు ప్రతి బారుకూ కదులుతుంది. కుడిచేతిలో ఉన్న స్వరం అదే, దాని అర్థం మాత్రం మారిపోతుంది.

దీనికి తోడు మైనర్ అన్నది మరో చిక్కు. మేజర్‌లో పాట ఉందంటే శంకరాభరణం అనేసి ముందుకు పోవచ్చు, చాలావరకు పని జరుగుతుంది. మైనర్‌కు అట్లా ఒక రాగం పేరు చెప్పలేం. మేళకర్తల పట్టికలో నాలుగోదైన వేదచక్రం తీసి చూడండి. 19 నుంచి 24 దాకా ఆరు మేళాలు. ఆరింటిలోనూ షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం మారవు. మారేవల్లా ధైవత నిషాదాలే. ఈ ఆరులో అటు చివరి ఝంకారధ్వనినీ, ఇటు చివరి వరుణప్రియనూ పక్కనపెడితే మిగిలేవి నటభైరవి, కీరవాణి, ఖరహరప్రియ, గౌరీమనోహరి. పాశ్చాత్యులు మైనర్ కింద లెక్కపెట్టే స్కేళ్ళన్నీ దాదాపు ఇక్కడే వరసగా కూర్చున్నాయి. సహజ మైనర్ నటభైరవి, హార్మోనిక్ మైనర్ కీరవాణి, డోరియన్ ఖరహరప్రియ, జాజ్ వాళ్ళ మెలోడిక్ మైనర్ గౌరీమనోహరి. మైల్స్ డేవిస్ 1959లో 'సో వాట్' అనే పాటను మొత్తంగా డోరియన్ మీదే నిలబెట్టాడు. త్యాగయ్య తన కృతులతో ఖరహరప్రియకు చేసిన ఉపకారం మనకు తెలుసు. కీరవాణిలోనూ, గౌరీమనోహరిలోనూ ఆయన కృతులున్నాయి. ఆయన పూర్వీకుల ఊరు కాకర్ల ఒకప్పుడు మా కర్నూలు జిల్లా కంభం తాలూకాలోదే కనుక, ఈ వేదచక్రంలో మాకూ కాస్త వాటా ఉందని నేను సరదాగా అంటుంటాను.

మైనర్ పాట మీద వాయించడమంటే ఈ నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం అనుకుంటే కథ అక్కడే చెడుతుంది. పాట నడుస్తున్నంతసేపూ పూర్వాంగం స్థిరంగా ఉంటుంది, ఉత్తరాంగం అటూ ఇటూ ఊగుతుంది. ఇది మన భైరవిలో ఉన్న సంగతే. ఆరోహణలో చతుశ్రుతి ధైవతం, అవరోహణలో శుద్ధ ధైవతం. విరిబోణి వర్ణం సాధన చేసినవాళ్ళ వేళ్ళకు ఇది ఎప్పుడో తెలుసు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు మెలోడిక్ మైనర్ కూడా అంతే, ఎక్కేటప్పుడు గౌరీమనోహరి, దిగేటప్పుడు నటభైరవి. జాజ్ వాళ్ళు ఈ ఊగులాటను ఆరోహణ అవరోహణలకు కాకుండా కార్డులకు కట్టేశారు. ఏ కార్డు కింద ఏ ధైవతం, ఏ నిషాదం అన్నదే లెక్క.

ఇప్పుడు పాటలో మొదటి ఎనిమిది బార్లు దగ్గరగా చూద్దాం. ఐదు శ్రుతిని షడ్జంగా పెట్టుకుని, కార్డుల అడుగు స్వరాలు మాత్రం ఎడమ చేత్తో నొక్కుతూ పోతే వరస ఇట్లా వస్తుంది: మ, ని, గ, ద, రి, ప, స. ఏడు బార్లకు ఏడు. ఎనిమిదో బారు మళ్ళీ షడ్జమే, ఊపిరి తీసుకోవడానికి. నటభైరవిలోని ఏడు స్వరాలూ ఒక్కొక్కసారి, ఒక్కసారే అడుగున పలికాయి. ఒకదాని నుంచి ఇంకొకదానికి దూరం ప్రతిసారీ షడ్జమం నుంచి మధ్యమం ఎంతో అంతే. ద నుంచి రికి పోయేటప్పుడు మాత్రం అది ప్రతిమధ్యమం అవుతుంది. ఎవరో కూర్చుని లెక్కవేసి కట్టినట్టు ఉంటుంది గానీ, వింటే లెక్క కనపడదు. నీళ్ళు పల్లానికి పోయినంత సహజంగా చివరికి షడ్జం మీదికి వచ్చి ఆగుతుంది.

గ్రహభేదం తెలిసినవాళ్ళకు ఇక్కడ పండగే. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం కచేరీలో ఒక రాగం పాడుతూ అందులో ఒక స్వరాన్ని షడ్జంగా నిలిపి ఇంకో రాగాన్ని క్షణంసేపు చూపించేవారు. పెద్దలు కొందరు ఒప్పుకోలేదు, అది వేరే గొడవ. నటభైరవి మధ్యమాన్ని షడ్జం చేస్తే ఖరహరప్రియ, నిషాదాన్ని చేస్తే హరికాంభోజి, గాంధారాన్ని చేస్తే శంకరాభరణం, ధైవతాన్ని చేస్తే కల్యాణి. మన పాటలో మొదటి నాలుగు బార్లూ వరసగా ఇవే నాలుగు. అంటే జాజ్ బృందంలోని పియానో, బాస్ కలిసి నిమిషానికి 120 దెబ్బల నడకలో రెండేసి సెకన్లకు ఒక గ్రహభేదం చేసేస్తున్నాయి. మనకు అరుదైన చమత్కారం వాళ్ళకు దినచర్య.

ఐదో బారుకు రిషభం అడుగు. రి, మ, ద, స కలిసి మోగుతాయి, ఆ ధైవతం శుద్ధమే. ఆరో బారులో కథ మలుపు తిరుగుతుంది. పంచమం అడుగు, దాని మీద నిషాదం, రిషభం, మధ్యమం. ఆ నిషాదం కాకలి. ఇంతవరకూ కైశికి నిషాదంతో నటభైరవిగా నడిచిన పాట ఈ ఒక్క బారులో కీరవాణి అయిపోయింది. కీరవాణిని పంచమం నుంచి మొదలుపెట్టి చూడండి, వకుళాభరణం వస్తుంది. మాయామాళవగౌళతో సరళీవరసలు నేర్చిన ప్రతి తెలుగు పిల్లకూ ఆ శుద్ధ రిషభ అంతర గాంధారాల ఘాటు చిన్నప్పటి నుంచీ పరిచయమే. అమెరికాలో ఈ ఆరో బారు మోగించడం నేర్చుకోవడానికి కుర్రాళ్ళు అవస్థ పడతారట గానీ, మన చెవికి అది పుట్టిల్లు.

కాకలి నిషాదం అక్కడికి ఎందుకొచ్చింది? షడ్జానికి అరస్వరం దూరంలో నిలబడి దాన్ని లాగడానికి. కైశికి నిషాదానికి ఆ ఆత్రం లేదు, అది షడ్జం దాకా పోతే పోతుంది, లేకపోతే లేదు. కాబట్టి ఆరో బారులో కుడిచెయ్యి అలవాటుగా కైశికి మీద నిలబడితే కింద పియానోలో కాకలి మోగుతూ ఉంటుంది, రెండూ గీసుకుంటాయి. బ్లూస్ వాళ్ళు ఆ గీతనే కావాలని గీస్తారు, అది చేతనైనవాళ్ళ పని. ఏడో బారుకు షడ్జం కార్డు మీదికి చేరాక మళ్ళీ స్వేచ్ఛ. కైశికితో నటభైరవిగా ఉండొచ్చు, ధైవతం పెంచి ఖరహరప్రియ వాసన చూపొచ్చు, ధైవత నిషాదాలు రెండూ పెంచి గౌరీమనోహరి చేయొచ్చు. మంచి వాద్యకాడు ఒక్కో చుట్టులో ఒక్కో తలుపు తీస్తాడు.

బాణీలోనే ఈ రహస్యమంతా దాచిపెట్టాడు కోస్మా. ప్రతి ముక్కా మూడు మెట్లు ఎక్కి, ఒక గెంతు గెంతి, పొడుగు స్వరం మీద కూర్చుంటుంది. ఆ కూర్చునే స్వరాలు ద, ప, మ, గ. ఒక్కో మెట్టు దిగుతూ వస్తాయి. ఒక్కొక్కటీ తన కింద మోగే కార్డుకు, దాని అడుగు స్వరాన్ని షడ్జం అనుకుంటే, గాంధారం. మొదటి మూడు ముక్కలూ నటభైరవి స్వరాలతోనే మెట్లెక్కుతాయి. నాలుగోది ఎక్కేటప్పుడు మాత్రం చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం పట్టుకుని ఎక్కుతుంది. అంటే పాట చెప్పనే చెప్పింది, ఎక్కడ మారాలో. మళ్ళీ మనం పుస్తకాల్లో వెతుక్కోవడం దేనికి?

పుస్తకాల సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. జాజ్ నేర్పే పుస్తకాలు చాలావరకు పట్టికలు. ఈ కార్డుకు ఈ స్కేలు, ఆ కార్డుకు ఆ స్కేలు. పట్టిక తప్పని నేను అనను. కానీ పట్టిక చూసి వాయించే కుర్రవాడు రెండు సెకన్లకొక స్కేలు పైకీ కిందికీ పరిగెత్తించి ఆయాసపడతాడు, వినేవాడికి పాట వినపడదు. మూర్ఛన ఒప్పజెప్పినంత మాత్రాన రాగం వచ్చినట్టు ఏ గురువూ ఒప్పుకోడు మన దగ్గర. రాగానికి నిలిచే చోట్లు ఉంటాయి, అవే దాని ముఖం.

నిలిచే చోటు గురించి నాకు బోధపడింది ప్రొద్దుటూరు వైపు పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన ఒక పెద్దాయన దగ్గర. తెలుగు నాటకానికి కడప జిల్లా పుట్టినిల్లు లాంటిది. 1885లో సురభి అనే పల్లెలో వనారస గోవిందరావు వాళ్ళు కీచకవధ ఆడారు. తోలుబొమ్మలాడించిన కుటుంబాలు తామే వేషాలు కట్టి రంగం మీదికొచ్చాయి. సురభి నాటకాల పేరు ఆ పల్లెదే. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా సీమ పల్లెల్లో జాతరలకు, తిరునాళ్ళకు హరిశ్చంద్ర, చింతామణి, పాండవోద్యోగ విజయాలు ఆడని ఏడు లేదు. నాటకంలో పద్యం సగం పద్యం, సగం రాగం. నటుడు పద్యం ఎత్తుకుని, ఒక పాదం దగ్గర ఆగి, రాగం తీస్తాడు. ఎంతసేపు తీస్తాడో, ఎటు పోతాడో ముందు రాసి ఉండదు. జనం "వన్స్ మోర్" అంటే మళ్ళీ అదే పద్యం, వేరే దారిన పోయే రాగం. జాజ్ స్టాండర్డ్‌కు ఇంతకంటే దగ్గరి చుట్టం మనకు లేదు.

వెనక హార్మోనిస్టు పని నటుణ్ణి పట్టుకుని నడవడం. నటుడి గొంతు కంటే ఒక వెంట్రుకవాసి వెనకగా, కానీ నిలిచే స్వరం దగ్గర మాత్రం ముందే చేరి ఉంటాడు. ఆ పెద్దాయన్ను అడిగాను.

"తాతా, ఆయన ఎక్కడ ఆగుతాడో మీకెట్లా తెలుస్తుంది?"

"తెలిసేదేముందబ్బీ! పద్యం ముందుగానే చెప్తాది గదా. యాడ నిలబడతాడో ఆడ నేను వేలు పెట్టుకొని కూచ్చుంటా. మధ్యలో ఆయప్ప యాడన్నా తిరిగి రానీ, కడాకు వచ్చేది ఆడికే."

ఆ మాట చెప్తూ చూపుడువేలు ఒక మెట్టు మీద పెట్టి, నొక్కకుండా, మిగతా వేళ్ళతో తిరగడం మొదలుపెట్టారు. తిరిగి తిరిగి వచ్చి ఆ వేలు దింపారు. జాజ్ బళ్ళలో ఏళ్ళతరబడి నేర్పే విద్యకు నాకు దొరికిన ఉత్తమ పాఠం అదే. ప్రతి కార్డుకూ దాని గాంధారం మీద వేలు పెట్టుకుని కూర్చోవాలి. మన పాటలో ఆ గాంధారాలు వరసగా ద, రి, ప, స, మ, కాకలి ని, గ. వీటి మీద నిలబడుతూ పోతే ఇంకేమీ వాయించకపోయినా కార్డుల వరస మొత్తం వినిపిస్తుంది. పియానో అక్కర్లేదు, బాస్ అక్కర్లేదు. మధ్యలో ఎక్కడ తిరిగారన్నది మీ ఇష్టం, మీ తాహతు.

ఇందులో ఒక విడ్డూరం కూడా ఉంది. హార్మోనియం అసలు కార్డులు వాయించడానికే పుట్టింది. 1840ల్లో ప్యారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ తయారుచేసిన వాయిద్యం కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులా వాయించేది. కలకత్తాలో దాన్ని నేలమీద కూర్చుని వాయించేట్టు మార్చినప్పుడు ఎడమ చెయ్యి గాలి తిత్తికి పోయింది. కుడిచేతికి ఒక్క స్వరమే మిగిలింది. గమకం పలకదన్న కోపంతో ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని వెలివేసి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు. పద్యనాటకాలవాళ్ళు, భజన గుళ్ళవాళ్ళు ఆ వెలిని పట్టించుకోలేదు గనక వాయిద్యం బతికింది.

గమకం విషయంలో మాత్రం రేడియోవాళ్ళ అభ్యంతరంలో సగం నిజముంది. ఆ సగం జాజ్‌కూ తగులుతుంది. ఖరహరప్రియ గాంధారాన్ని మన పద్ధతిలో ఊపితే అది ఒక చోట నిలవదు, కింద మోగుతున్న కార్డు ఒక చోటే నిలిచి ఉంటుంది. రెండింటికీ పొసగదు. భైరవి సంగతి చెప్పనే అక్కర్లేదు. కీరవాణి నయం. స్వరాలను సూటిగా పలికినా దాని రూపం చెడదు, అందుకే సినిమావాళ్ళకు అదంటే మక్కువ. 1985లో వచ్చిన 'అన్వేషణ'లో రాగం పేరుతోనే మొదలయ్యే పాట ఇళయరాజాది, తెలుగువాళ్ళలో దాన్ని వినని చెవి ఉండదు. ఈసారి విన్నప్పుడు గొంతును వదిలేసి బాస్ గిటార్ ఎక్కడెక్కడ అడుగు మారుస్తుందో పట్టుకుని చూడండి. అడుగు మారినప్పుడల్లా అదే స్వరం కొత్త ముఖంతో కనిపిస్తుంది. రాగం పేరే పెట్టుకున్న సంగీత దర్శకుడు మనకు ఉండనే ఉన్నాడు, ఆస్కార్ దాకా వెళ్ళొచ్చాడు.

పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ ఈ రెండు లోకాల మధ్య తిరిగినవాడు. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించినప్పుడు ఆయన మాండలిన్‌లో గమకమూ పోలేదు, పక్కన గిటార్ కార్డుతో కొట్లాటా లేదు. ఎక్కడ ఊపాలో, ఎక్కడ సూటిగా నిలబడాలో ఆ చెవికి తెలుసు. 2014లో, 45 ఏళ్ళకే పోయాడు. ఆయన చేత ఒక మైనర్ స్టాండర్డ్ మొదటి నుంచి చివరిదాకా వినాలని నాకున్న కోరిక తీరలేదు.

సీమలో హార్మోనియం వాయించే పిల్లలు ఇంకా ఉన్నారు. భజన గుళ్ళలో ఉన్నారు, చర్చి క్వయర్లలో కీబోర్డు ముందు ఉన్నారు, నాటక సమాజాల్లో తాతల పక్కన కూర్చుని చూసేవాళ్ళున్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. తిత్తి పని లేని కీబోర్డు ఒకటి సంపాదించండి, సెకండ్‌హ్యాండ్‌దైనా సరే. ఐదు శ్రుతిలో ఎడమ చేత్తో మ, ని, గ, ద, రి, ప, స అని నాలుగేసి దెబ్బలకొక స్వరం దింపుతూ, ఎనిమిదో బారుకు షడ్జం మీదే ఉండి, మళ్ళీ మొదటికి రండి. కుడిచేత్తో ద, రి, ప, స, మ, ని, గ. ఆరోదాని దగ్గర నిషాదం కాకలి అని మరవకండి. స్కేలు పట్టికలు ఎప్పుడైనా చూసుకోవచ్చు. ముందు ఇది చేతిలో పడనివ్వండి.